ఎన్ని సీసాలు?

మా దగ్గర కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కపెట్టరు. వైన్ షాపు ముందు నిలబడేవాడు తాగుబోతు. కల్లు దుకాణం నుంచి వచ్చేవాళ్లు పని చేసి అలసి వస్తున్నవాళ్లు. ముప్ఫై నాలుగేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ రోజూ పొద్దుగూకేసరికి దుకాణానికి పోయి రెండు సీసాలు తాగి వచ్చేది. ఎవరైనా అడిగితే "ఒళ్లు నొప్పులకు ఇంత తీసుకుంటది" అనేవాణ్ణి. అసలు అడిగేవాళ్లు మాత్రం ఎవరున్నారు? వాళ్ల అమ్మలూ ఆ దుకాణంలోనే ఉండేవాళ్లు.

మాది నిజామాబాద్ వైపు ఒక చిన్న టౌను. పేరుకే టౌను, రెండు వీధులు దాటితే వరి మళ్లు వస్తాయి. బస్టాండు వెనక నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. అమ్మ పెళ్లి కాకముందు నుంచి బీడీలు చేస్తోంది. చాట ఒడిలో పెట్టుకుని పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఏడెనిమిది వందలు చుడుతుంది. నడుము, మెడ, వేళ్ల కణుపులు సాయంత్రానికి తనవి కానట్టు ఉంటాయట. నాన్న మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. అక్కడే పోయాడు. పెట్టె ఇంటికి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ అమ్మ కన్ను మూయలేదు. పక్కింటి పెద్దమ్మ ఒక రాత్రి సీసా పట్టుకొచ్చి, "తాగి పండుకోవే, లేకుంటే నువ్వు గూడ పోతవ్" అన్నది. అప్పటిదాకా దసరాకో, ఎవరింట్లోనైనా పెళ్లికో తాగే మనిషి, ఆ రోజు నుంచి రోజూ తాగడం మొదలుపెట్టింది. తాగితే నిద్ర పట్టేది. అంతే ఆమెకు కావాల్సింది. పాటలు పాడటం, తిట్టడం, కింద పడిపోవడం ఏమీ లేదు. ఇంటికి వచ్చి నాలుగు ముద్దలు తిని పడుకునేది.

2025 జూలైలో హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి దగ్గర కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారని టీవీల్లో వచ్చింది గదా. ఆ తర్వాత కొన్నాళ్లకు మా దగ్గరికీ ఎక్సైజ్ వాళ్లు వచ్చారు. ఒక గురువారం మధ్యాహ్నం దుకాణానికి తాళం పడింది. మగవాళ్లు బండ్లేసుకుని పది కిలోమీటర్ల అవతల ఇంకో ఊరికి పోయి తాగి వచ్చారు. ఆడవాళ్లకు ఆ వీలు లేదు. అరవై ఏళ్ల మనిషి కల్లు కోసం ఎవరి బండి వెనక కూర్చుని పోతుంది?

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. ఈ వంకతోనైనా మానేస్తుంది అనుకున్నాను. మా ఆవిడతో అన్నాను కూడా, "మంచిగైంది పో, పీడ పోయింది" అని.

శుక్రవారం సాయంత్రం అమ్మ ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉంది. చెమటలు పడుతున్నాయంది. రాత్రి నిద్ర లేదు. శనివారం చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడింది. నా కూతురు గిన్నె కింద పడేస్తే దాన్ని కొట్టడానికి పోయింది. ఆ పిల్లను ఏనాడూ ఒక్క మాట అనని మనిషి. ఆదివారం బీడీలకు కూర్చుంది గానీ వేళ్లు వణికి ఆకు చుట్టుకోలేదు. దారం కట్టడం రాలేదు. చాట పక్కకు నెట్టి ఏడ్చింది.

ఆదివారం రాత్రి నేను జన్మలో మరిచిపోలేను. రెండింటికి లేచి చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని బీడీలు చేస్తోంది. ఒడిలో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. గాలిలో ఆకు పట్టుకుంటోంది, తంబాకు పోస్తోంది, చుడుతోంది, మడత పెట్టి దారం కడుతోంది. ఒక్కొక్కటీ అయ్యాక పక్కన పెడుతోంది. అంత వణికే వేళ్లు ఆ పనిలో మాత్రం ఎక్కడా తడబడలేదు. "అమ్మా" అంటే నన్ను చూసి, ఎప్పుడో పోయిన మా మేనమామ పేరు పెట్టి పిలిచి, "సేటు వచ్చిండా, కట్టలు లెక్కవెట్టు" అన్నది.

పెద్దమ్మ వచ్చి గాలి సోకిందని తేల్చేసింది. నేను డిప్లొమా చదివినవాణ్ణి, అయినా ఆ పూట ఆమె చెప్పింది నమ్మాను. నిమ్మకాయ దిష్టి తీశాం. ఒకాయన్ని నిద్ర లేపి తీసుకొచ్చి తాయెత్తు కట్టించాం. ఆయన తాయెత్తుకు మంత్రం చదువుతుండగానే అమ్మ కళ్లు పైకి పోయి, దవడ బిగుసుకుని, ఒళ్లంతా కొట్టుకుంది. నాలుక కొరుక్కుని నోట్లో నుంచి రక్తం. 108కి ఫోన్ చేశాం.

పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకన్నా చిన్నది. రాగానే సూది వేసి, షుగరు, బీపీ చూసి, నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఏమైనా తాగుతుందా?"

"లేదు మేడం," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. పక్కన మా ఆవిడ ఉంది, అవతల మంచం మీద మా వీధి మనిషే ఒకాయన ఉన్నాడు. అమ్మ తాగుతుందని గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది, "కల్లు కూడా లేదా?" "ఎప్పుడన్న పండగలకు మేడం," అన్నాను.

నేను చెప్పింది నమ్మి వాళ్లు తలకు స్కానింగ్ రాశారు. ఫిట్స్ కొత్తగా వచ్చిన అరవై ఏళ్ల మనిషికి అదే చేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. స్కానింగ్ దగ్గర వరసలో ఉండగా అమ్మకు రెండోసారి ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నం దాటాక ఆర్మూరు నుంచి అక్క వచ్చింది. అక్క దారిలో బస్సులో నుంచే 14416కి ఫోన్ చేసిందట. అది టెలిమానస్ అని సర్కారు నెంబరు, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు అడిగిన ప్రశ్నలకు అక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. వార్డులోకి వస్తూనే డాక్టరమ్మ దగ్గరికి పోయి, "మా అమ్మ రోజూ రెండు సీసాల కల్లు తాగుతది మేడం. గురువారం నుంచి దుకాణం బంద్ ఉన్నది" అన్నది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అన్నీ వేగంగా జరిగాయి. మానసిక విభాగం పెద్ద డాక్టర్‌ను పిలిపించారు. బీ1 విటమిన్ సూది, నరానికి డైజోఫాం అనే మందు ఎక్కించారు. అర్ధగంటలో అమ్మ వేళ్లు ఆగిపోయాయి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయింది. ఆ నిద్ర చూసి నాకు భయం కలిగింది. రోజూ రాత్రి ఇంట్లో చూసిన నిద్రే అది. నోరు కొంచెం తెరిచి, కుడి చెయ్యి తల కింద పెట్టి.

పెద్ద డాక్టర్‌తో "కల్లు అంత పని చేస్తుందా సార్?" అన్నాను. ఆయన నవ్వి, "మీ అమ్మ కల్లు ఎప్పుడు తాగింది?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మా వైపు దాన్ని మందు కల్లు అంటాం. ఆ మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాం గానీ, ఆ మందు ఏమిటని ఎవరం అడగలేదు. ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు రాసే మందులు, మూడోది పాతకాలం నిద్రమందు. పొడి రూపంలో వస్తాయి, నీళ్లలో సాక్రిన్‌తో పాటు కలుస్తాయి. ఒక సీసాలో ఎంత ఉందో కలిపినవాడికి కూడా తెలియదు, ఒకరోజు ఉన్నంత ఇంకోరోజు ఉండదు. అమ్మ పద్నాలుగేళ్లుగా చీటీ లేకుండా, కొలత లేకుండా, పేరు తెలియకుండా నిద్రమాత్రలు మింగుతోంది. 2015 సెప్టెంబరులో కూడా ఇలాగే దాడులు చేసి దుకాణాలు మూయించినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం గుంపులు గుంపులుగా ఆస్పత్రులకు వచ్చారట. పిచ్చి చేష్టలు చేస్తున్నారని పేపర్లు రాశాయి. పిచ్చి కాదు, మందు ఒక్కసారిగా ఆగిపోయిన మెదడు అలా చేస్తుంది.

ఆయన చెప్పిన పోలిక నాకు బాగా పట్టింది. ఆయనది వ్యవసాయ కుటుంబమేమో. "ఎద్దును నువ్వు మోకు పట్టి వెనక్కి లాగుతున్నావనుకో. అది ముందుకు లాగుతుంది. నువ్వెంత బలంగా లాగితే అదీ అంత బలంగా లాగుతుంది. పద్నాలుగేళ్లు అట్లా లాగి లాగి, ఒకరోజు మోకు కోసేస్తే? ఎద్దు బోర్లా పడి మూతి పగలగొట్టుకుంటుంది. మందు వెనక్కి లాగేది, మీ అమ్మ మెదడు ముందుకు లాగేది. మోకును కొయ్యొద్దు, మెల్లగా వదలాలి."

కాబట్టి వైద్యం ఏమిటంటే, అదే జాతి మందు చేతికి ఇవ్వడం. ఆల్ప్రాజోలం ఒంట్లో నుంచి తొందరగా పోతుందట, అందుకే దాని బదులు నిదానంగా దిగే డైజోఫాం. అయిదు మిల్లీగ్రాముల గోళీలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు. వారానికి అర గోళీ చొప్పున తగ్గించాలి. చివర్లో ఇంకా మెల్లగా, పావు చొప్పున. కాగితం మీద గళ్లు గీసి ఇచ్చాడు. ఏ వారానికి ఆ వారం సరిపడానే రాస్తాను, వచ్చి చూపించి తీసుకుపోవాలి అన్నాడు. గోళీలు అమ్మ చేతికి ఇవ్వొద్దన్నాడు. ఇవి వేసుకుంటూ కల్లు గానీ మందు గానీ తాగితే ఊపిరి ఆగిపోవచ్చని రెండుసార్లు చెప్పాడు.

మూడో రోజు అమ్మ తేరుకుని కూర్చున్నాక ఆయన మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని అడిగాడు. "అమ్మా, ఎన్ని సీసాలు తాగేదానివి?"

"రెండు సారూ."

"పొద్దున?"

అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "పొద్దుగాల రెండు. నువ్వు దుకాణం తెర్వవోయినంక."

నాలుగు. నేను షాపుకు పోయాక, పిల్ల బడికి పోయాక. బయటికి వచ్చాక డాక్టర్ నాతో అన్నాడు, "అందరూ సగమే చెప్తారయ్యా. మేం రెట్టింపు రాసుకుంటాం."

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. గోళీలు బీరువాలో పెట్టి తాళం నా మొలతాడుకు కట్టుకున్నాను. అర గోళీ తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు అమ్మ మనిషి కాదు. కాళ్లలో పురుగులు పాకుతున్నట్టు ఉందనేది, గోడలు దగ్గరికి వస్తున్నాయనేది. రాత్రి పదకొండుకు నా తలుపు కొట్టి, "కొడుకా, రేపటిది ఇప్పుడే ఇయ్యిరా" అని బతిమాలేది. నా తల్లి నన్ను అడుక్కుంటుంటే తాళం చెవి మొలకు కట్టుకుని లేదనడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఒకరోజు కోపం పట్టలేక, "పద్నాలుగేళ్లు తాగి తాగి మా పాణం దీస్తున్నవ్" అని అరిచాను. ఆమె, "తాగితే నీ పాణం ఏం దీసిన్రా, మానినంకనే గదా తీస్తున్న" అన్నది. దానికి నా దగ్గర సమాధానం లేదు. నిజంగానే, తాగిన రోజుల్లో ఆమె మాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు.

వీధిలో ఒకటే మాట. "కల్లు మాన్పించి గోళీలు అలవాటు జేస్తున్నడు." నా దోస్తు ఒకడు పక్కకు తీసుకుపోయి, ఆ గోళీలు రెండు తనకిమ్మన్నాడు.

ఒక వారం ఆస్పత్రిలో స్టాకు లేక చీటీ మీద బయట కొన్నాను. మెడికల్ షాపాయన డాక్టర్ పేరు, అమ్మ పేరు, ఎన్ని గోళీలో వేరే రిజిస్టరులో రాసుకున్నాడు. ఈ మందులు హెచ్1 అనే జాబితాలో ఉన్నాయి, 2014 నుంచి ఇలా రాసి మూడేళ్లు దాచాలట. మంచి నిబంధనే. ఇరవై గోళీలకు అంత లెక్క. అదే జాతి మందు డబ్బాలకు డబ్బాలు పొడిగా వచ్చి డ్రమ్ముల్లో కలుస్తుంటే దానికి రిజిస్టరు లేదు. రిజిస్టరులో మా అమ్మ పేరు ఎక్కుతుంటే నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

2019లో కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ వాళ్లతో చేయించిన సర్వే రిపోర్టు బయటికి వచ్చిందని తర్వాత చదివాను. దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతారని, నిద్రమందుల్లాంటివి డాక్టర్ చెప్పకుండా వాడేవాళ్లు 1.18 కోట్ల మంది అని అందులో ఉంది. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందట. అవన్నీ చదివాక నాకు తోచింది ఒకటే. సర్వేవాళ్లు మా ఇంటికి వచ్చి ఉంటే అమ్మను ఏ గడిలో రాసుకునేవాళ్లు? "మందు తాగను" అనేది. "నిద్ర గోళీలు వేసుకోను" అనేది. రెండూ నిజమనే నమ్మి చెప్పేది.

చెట్టు కల్లు గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే గీసేవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. మా మేనత్త వాళ్ల ఊళ్లో ఇప్పటికీ ఈత చెట్లు ఎక్కి గీసే గౌడ్ తాత ఒకాయన ఉన్నాడు. ఆయన పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట్లో పెట్టుకోలేం. మా దుకాణంలో కల్లు మూడు రోజులైనా అదే రుచి. మా టౌను చుట్టూ ఉన్న ఈత, తాటి చెట్లన్నీ గీసినా ఆ దుకాణంలో ఒక పూట అమ్మేదానికి సరిపోదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. ఎవరం వేసుకోలేదు.

పన్నెండు రోజులకు దుకాణం మళ్లీ తెరిచారు. అమ్మ అటు పోలేదు. పోలేదు గానీ సాయంత్రం ఐదున్నర అయితే చీర సర్దుకుని గడపలో నిలబడేది. నాకు ఆలస్యంగా అర్థమైంది, ఆమెకు ఆ దుకాణమొక్కటే బయటి లోకం. పొద్దంతా చాట ముందు ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్లు సాయంత్రం అక్కడ కలుస్తారు. కోడళ్ల మీద చాడీలు, చిట్టీ లెక్కలు, దుబాయ్‌లో కొడుకుల ముచ్చట్లు. సీసాలోని మందును మేం డైజోఫాంతో మార్చాం, మరి ఆ గంటన్నరను దేనితో మార్చాలి? మా ఆవిడ గుడికి తీసుకుపోయింది. రెండు రోజులు పోయి, "అక్కడ మాట్లాడనియ్యరే" అని మానేసింది. చివరికి పక్కింటి పెద్దమ్మే దారి చూపింది. దుకాణానికి పోయే ముందు అరగంట మా అరుగు మీద కూర్చుని పోవడం మొదలుపెట్టింది. ఆమెతో ఇంకో ఇద్దరు. మా ఆవిడ చాయ్ పోసేది. ఆ అరగంట అమ్మ బాగుండేది. వాళ్లు లేచిపోతుంటే చూడలేక లోపలికి వచ్చేసేది.

ఆరో వారం ఒకసారి జారింది. మా దూరపు చుట్టాల ఇంట్లో చావు. మా దగ్గర చావింట్లో కల్లు లేకుండా జరగదు. ఎవరో సీసా చేతిలో పెట్టారు, ఒకటే తాగానని చెప్పింది. ఇంటికి వచ్చి గోళీ అడగకుండా పడుకుంది. ఆమె గోళీ అడగలేదంటేనే అనుమానం వచ్చింది నాకు. ఆ రాత్రి నేను, మా ఆవిడ చెరో వైపు కూర్చుని గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాం. నిమిషానికి పన్నెండు. ఒకసారి తొమ్మిదికి పడితే కుదిపి లేపాం, కళ్లు తెరిచి తిట్టింది. ఆ తిట్టు విని మాకు పాణం లేచి వచ్చింది. అప్పుడే 108 పిలవాల్సింది, లెక్కపెడుతూ కూర్చోకూడదని డాక్టర్ తర్వాత నన్ను మందలించాడు. అమ్మను మాత్రం ఏమీ అనలేదు. "ఒకటా, రెండా?" అన్నాడు. "రెండు" అంది. రాసుకుని, ఆ వారం తగ్గించకుండా అదే మోతాదు మీద ఆపాడు.

మొత్తం పన్నెండు వారాలు పట్టింది. చివరి పావు గోళీ వేసుకున్న రోజు పండగేమీ జరగలేదు. మర్నాడు రాత్రి అమ్మ అలవాటుగా చెయ్యి చాపింది, "ఇయ్యాల లేదా?" అని తనే వెనక్కి తీసుకుంది. నిద్ర ఇప్పటికీ నాలుగైదు గంటలే. తెల్లవారుజామున మూడింటికి లేచి తునికాకు కత్తిరిస్తుంటుంది. ఆ కత్తెర చప్పుడుకు నాకూ మెలకువ వస్తుంది. లేచి ఒకసారి తొంగి చూస్తాను, ఒడిలో చాట ఉందా లేదా అని.

పోయిన నెల రాత్రి తొమ్మిదింటికి మా వీధిలో ఉండే ఒకాయన షాపుకు వచ్చాడు. మూతి మీద మీసం ఉన్న మనిషి, లారీ డ్రైవరు. అటూ ఇటూ చూసి, "తమ్మీ, మీ అమ్మకు రాసిన చీటీ జరంత ఇయ్యవా" అన్నాడు. మానేద్దామని రెండు రోజులు ఆపితే చేతులు వణికి స్టీరింగ్ పట్టలేకపోయాడట. చీటీ ఇవ్వలేదు. ఒక్కసారి ఆపొద్దన్నా, ఇప్పుడు స్టీరింగ్ కూడా ముట్టొద్దన్నా అని చెప్పి, తెల్లారి నా బండి మీదే ఆస్పత్రికి తీసుకుపోయాను.

దారిలో రైస్ మిల్లు దాటాక అడిగాడు, "అక్కడ ఏమడుగుతరు తమ్మీ?"

"ఎన్ని సీసాలని అడుగుతరు అన్నా."

"మూడు," అన్నాడు.

నేనేమీ అనలేదు. చెరువు కట్ట ఎక్కాక వెనక నుంచి మెల్లగా, "ఐదు రాపిద్దాం తియ్యి," అన్నాడు.